ఉర్ రాజసమాధుల్లోని లైర్లు: కర్ర పోయాక వాద్యాన్ని ఎలా చదవాలి

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెరమీద కనిపిస్తున్న వాద్యం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. "రాణి లైర్" అంటారు దీన్ని. లైర్ అంటే ఒక తంతి వాద్యం. ఎత్తు దాదాపు 112 సెంటీమీటర్లు. ముందువైపు బంగారు ఎద్దు తల, దానికి నీలి లాపిస్ లాజులీ రాతి గడ్డం. పెట్టె అంచుల వెంట తెల్లటి శంఖపు ముక్కలు, నీలి రాయి, ఎర్ర సున్నపురాయి. సుమారు 4,500 ఏళ్ల నాటిది. అయితే ఇందులో మీకు కనిపించే కర్ర అంతా ఇరవయ్యో శతాబ్దపుది. ఎద్దు కొమ్ములు కూడా కొత్తవే. పాతవి ఏమిటంటే బంగారు రేకు, గడ్డం, తలమీది జుట్టు, కళ్లు, అంచుల్లోని పొదుగుడు ముక్కలు.

వాద్యమంటే కర్ర, తంతి, వాటి మధ్య బిగువు. ఆ మూడూ పోయాయి. మిగిలింది అలంకారం. ఆ అలంకారాన్ని పట్టుకుని, పోయిన వాద్యం కొలతలను, నిర్మాణాన్ని, వాయించిన తీరును ఎంతవరకు రాబట్టగలం? ఎక్కడ ఆగిపోవాలి? ఈ రోజు మాట్లాడేది దాని గురించే.

ముందు చోటు సంగతి. దక్షిణ ఇరాక్‌లో నాసిరియా నగరానికి దగ్గర్లో తెల్ అల్-ముకయ్యర్ అనే దిబ్బ ఉంది. సుమేరియన్ల ఉర్ నగరం అదే. బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి 1922 నుంచి 1934 దాకా అక్కడ తవ్వించాయి. తవ్వకాలకు నాయకుడు లెనర్డ్ వూలీ. శ్మశానంలో 1,800కు పైగా సమాధులు బయటపడ్డాయి. వాటిలో 16 సమాధులను ఆయన "రాజసమాధులు" అన్నాడు. రాతితోనో ఇటుకతోనో కట్టిన గది, దాని పక్కన లోతైన గొయ్యి, ఆ గొయ్యిలో యజమానితో పాటు చనిపోయిన పరివారం. ఇదీ వాటి లక్షణం. కాలం స్థూలంగా క్రీ.పూ. 2600 నుంచి 2450 మధ్య.

సమాధులకు వూలీ ఇచ్చిన సంఖ్యలనే ఇప్పటికీ వాడుతున్నారు. మనకు నాలుగు గుర్తుంటే చాలు. పీజీ అన్నది సమాధి సంఖ్య ముందు రాసే సంకేతం. పీజీ 789ని "రాజు సమాధి" అన్నారు. పెన్సిల్వేనియాలో ఉన్న గొప్ప లైర్ అక్కడిదే. పీజీ 800 పువాబిది. ఆమె పేరు, "రాణి" అనే హోదా ఆమె దగ్గర దొరికిన లాపిస్ ముద్రమీద చెక్కి ఉన్నాయి. రాణి లైర్ ఆమె గొయ్యిలోది. పీజీ 1237ని "మహా మృత్యుగర్తం" అంటారు. అందులో 74 మంది ఉన్నారు, 68 మంది స్త్రీలు, ఆరుగురు పురుషులు. మూడు లైర్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. బంగారు తలది బాగ్దాద్‌కు, వెండిది లండన్‌కు, పడవ ఆకారపు వెండిది పెన్సిల్వేనియా మ్యూజియం ఉన్న ఫిలడెల్ఫియాకు వెళ్లాయి. ఇక పీజీ 779లో దొరికింది వాద్యం కాదు, వాద్యకారుడి బొమ్మ. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఒక తేడా ఇక్కడే స్పష్టం చేసుకుందాం, తర్వాత తికమక ఉండదు. లైర్‌కు ఒక పెట్టె, దాని మీంచి పైకి లేచే రెండు చేతులు, ఆ చేతులను కలిపే అడ్డకర్ర ఉంటాయి. తంతులు పెట్టె ముఖానికి సమాంతరంగా, గుర్రం (తంతులను పైకెత్తి పట్టే కర్రముక్క) మీదుగా సాగి అడ్డకర్రకు చేరతాయి. హార్ప్‌లో రెండో చేయి ఉండదు. తంతులు పెట్టె ముఖంలోంచే కోణంగా లేచి మెడకు చేరతాయి. అమరావతి శిల్పాల్లో స్త్రీలు ఒళ్లో పెట్టుకుని వాయించే విల్లులాంటి వీణ హార్ప్ జాతిది. ఉర్‌లో ఈ రెండు జాతులూ దొరికాయి. ఆ రెండూ ఒకే చోట పడి ఉండటం వల్ల ఎంత పెద్ద పొరపాటు జరిగిందో కాసేపట్లో చూద్దాం.

ఇప్పుడు మట్టిలో ఏం జరుగుతుందో చూద్దాం. తేమ ఉన్న మట్టిలో పూడిన కర్ర శిలీంధ్రాలకు, పురుగులకు ఆహారమైపోతుంది. అది మెల్లగా కుళ్లేలోపు చుట్టూ ఉన్న మట్టి గట్టిపడితే, కర్ర ఉన్నచోట బోలు మిగులుతుంది. మట్టి గట్టిపడకముందే కర్ర కూలిపోతే బోలు కూడా ఉండదు, పొదుగుడు ముక్కలు గుట్టగా పడిపోతాయి. బంగారం చెక్కుచెదరదు, కానీ పైనున్న మట్టి బరువుకు నలిగి అణిగిపోతుంది. వెండి సంగతి అన్నిటికన్నా కష్టం. ఆ నేలలో ఉప్పు ఎక్కువ. ఉప్పులోని క్లోరైడ్ వెండిని క్లోరైడ్‌గా మార్చేస్తుంది. చూడటానికి రేకులాగే ఉంటుంది, వేలు తగిలితే పెళుసుగా విరుగుతుంది.

వూలీ బృందం చేసిన గొప్ప పని ఆ బోలును గుర్తించడం. తవ్వుతుండగా మట్టిలో చిన్న రంధ్రం కనిపిస్తే పార ఆపేయాలి. రంధ్రాన్ని వెడల్పు చేసి చూడాలనే ఆత్రం పడకూడదు, ఎందుకంటే దాని గోడే మనకు కావలసిన రూపం. లోపలి వదులు మట్టిని జాగ్రత్తగా తీసి, పల్చగా కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తారు. అది గట్టిపడ్డాక చుట్టూ మట్టి తొలిస్తే, కర్ర ఉన్నచోట ప్లాస్టర్ నిలబడి ఉంటుంది. పొదుగుడు ముక్కలు బోలు గోడకు అంటుకుని ఉంటే అవి ప్లాస్టర్‌కు అతుక్కుని తమ చోటులోనే బయటికి వస్తాయి. రాణి లైర్ ఇలాగే దక్కింది. ఉపాయం మాత్రం కొత్తది కాదు. 1863లో పాంపేయీలో ఫియోరెల్లి బూడిదలో మిగిలిన మనుషుల బోలుల్లో ఇలాగే ప్లాస్టర్ పోయించాడు.

ఇందులో ఏం తప్పుతుందంటే, ప్లాస్టర్ చిక్కగా కలిపితే సన్నని దారుల్లోకి దిగకముందే గట్టిపడుతుంది. మరీ పల్చగా కలిపితే బలం ఉండదు, తొలిచేటప్పుడు విరుగుతుంది. గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపల బుడగ నిలిచి, సరిగ్గా చేయీ అడ్డకర్రా కలిసే మూల దగ్గర రూపం రాదు. లైర్‌లో ముఖ్యమైన కొలతలన్నీ ఆ మూలల్లోనే ఉంటాయి.

వెండి లైర్‌కు ఇది పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ బోలు కాదు, పెళుసు రేకు మిగిలింది. చేతులు అణిగి చదునైపోయాయి. ముందు ఫొటో తీశారు. తర్వాత కరిగించిన మైనం పోసి, మైనపు గుడ్డ కప్పి, అది గట్టిపడ్డాక మొత్తాన్ని ఒకే ముద్దగా ఎత్తారు. పెట్టె పైభాగంలోనూ వెనక అంచులోనూ వెండి అప్పటికే నాశనమైపోయింది. కానీ మిగిలిన రేకుమీద ఒకచోట చాప అచ్చు పడి ఉంది. ఆ లైర్ గొయ్యిలో చాపమీద పెట్టి ఉండేదన్నమాట. వెండి క్షయమవుతూ తనకు తగిలిన చాప అల్లికను తనలో దాచుకుంది. మైనానికి ఒక చిక్కుంది. అది చీలికల్లోకి దిగిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది, తర్వాతి తరం సంరక్షకులు ద్రావకాలతో ఓపికగా తీయాలి. ఆ రోజు అది వాడకపోయి ఉంటే తీయడానికి ఏమీ మిగిలేది కాదు. కాబట్టి వూలీని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు ఆ పొరపాటు. పువాబి గొయ్యిలో గోడ పక్కన, పదిమంది స్త్రీల దేహాల దగ్గర, రెండు వాద్యాల అవశేషాలు ఒకే చోట ఉన్నాయి. ఒకవైపు నిలువుగా ఒక కర్ర గుర్తు, దానికి బంగారు తొడుగు, అందులో తంతులు కట్టుకునే బంగారు మేకులు. ఇంకోవైపు పొదుగుడు అంచులున్న పెట్టె, దానికి బంగారు ఎద్దు తల. వూలీ ఈ రెండింటినీ ఒకే వాద్యంగా జతచేశాడు. ఫలితంగా ప్రపంచంలో ఎక్కడా లేని "హార్ప్-లైర్" ఒకటి తయారై, దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో, పోస్టుకార్డుల్లో తిరిగింది.

పెట్టె ముందున్న తలను, వెనక ఉన్న నిలువుకర్రను ఒకే శరీరంగా ఊహించడం సులభమే. కానీ వాద్యంగా ఆలోచిస్తే చిక్కు వెంటనే తెలుస్తుంది. తంతులు ఆ మేకుల నుంచి దిగి ఎక్కడ ఆగాలి? లైర్ పెట్టెకు తంతులు ముఖానికి సమాంతరంగా గుర్రం మీదుగా సాగాలి. ఆ ఒంటి నిలువుకర్రకు తగిన రెండో చేయి లేదు, అడ్డకర్ర లేదు. 1969లో బ్రిటిష్ మ్యూజియంలోని రిచర్డ్ బార్నెట్ తవ్వకపు ఫొటోలను, కొలతలను మళ్లీ చదివి ఇవి రెండు వేర్వేరు వాద్యాలని చూపించాడు. 1971-72లో విడదీసి, లైర్‌ను ఫొటోల ఆధారంగా కొత్తగా నిలబెట్టారు. మేకులున్న నిలువుకర్ర హార్ప్‌ది. మ్యూజియంలో ఒక వస్తువును చూసి కొలతలు తీసుకునేవాళ్లు ముందు తవ్వకపు ఫొటో అడగాలని నేను పదేపదే చెప్పేది అందుకే. అద్దాల పెట్టెలో ఉన్నది పునర్నిర్మాణం. ఫొటోలో ఉన్నది సాక్ష్యం.

నిర్మాణంలోకి వద్దాం. పెట్టె పలకలతో చేసిన బోలు డబ్బా. రాణి లైర్ పెట్టె మందం 7 సెంటీమీటర్లు మాత్రమే, అంత పల్చన. దాని అంచుల వెంట పొదుగుడు పట్టీ నడుస్తుంది. ఆ పట్టీయే మనకు పెట్టె కొలతబద్ద. కర్ర పోయినా, పట్టీ తిరిగిన మూలలు పెట్టె మూలలు. పట్టీ ముక్కలను బిటుమెన్‌లో గుచ్చేవారు. ఇరాక్ నేలలో సహజంగా ఊరే తారు అది. వేడిచేసి పూస్తే జిగురు, చల్లారితే గట్టి ముద్ద. అప్పటి కళాకారులకు అదే జిగురు, అదే నింపుడు పదార్థం, శంఖంమీద గీసిన గీతల్లో నల్ల రంగు కూడా అదే.

ఎద్దు తల పోతపోసినది కాదు, రేకును కొట్టి మలిచినది. చెవులు, కొమ్ములు విడిగా చేసి అతికించినవి. గడ్డం లాపిస్. ఆ రాయి ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల నుంచి రావాలి, దగ్గర్లో ఇంకెక్కడా లేదు. గడ్డం ఉంటే ఎద్దు, లేకుంటే ఆవు. లండన్‌లోని వెండి లైర్ తల ఆవుది. పడవ ఆకారపు లైర్‌లో ఆకులు మేస్తున్న దుప్పి నిలబడి ఉంటుంది. వూలీ ఇక్కడ ఒక ఊహ చేశాడు: ఎద్దు తలది మంద్రం, ఆవు తలది మధ్యమం, దుప్పిది తారం అని. వినడానికి బాగుంటుంది. కానీ స్థాయిని నిర్ణయించేది తంతి పొడవు, మందం, బిగువు. తల దాన్ని నిర్ణయించదు, తలను బట్టి శ్రుతి మారిందనడానికి ఆధారమూ లేదు. ఈ ఊహను నేను పక్కన పెడతాను. మన వీణ చివర యాళి తల ఉన్నంత మాత్రాన యాళి శ్రుతిని నిర్ణయించదు కదా.

వాద్యం మీది తలకూ నాదానికీ సంబంధమే లేదని దీని అర్థం కాదు. కొన్ని శతాబ్దాల తర్వాత, క్రీ.పూ. 2100 ప్రాంతంలో, సుమేరియన్ల లగష్ నగర పాలకుడు గుదేయ దేవుడికి సమర్పించిన వాద్యానికి "ఉషుంగల్-కలమ్మ" అని పేరు పెట్టాడు. ఆ సమర్పణ ఎంత పెద్ద విషయమంటే, ఒక సంవత్సరానికి దాని పేరే పెట్టారు. వాద్యానికి పేరుంటుంది, స్వరం ఉంటుంది, అది దేవుడి ముందు మాట్లాడుతుంది. ఆ సంస్కృతిలో తల అలంకారం మాత్రమే కాదని నమ్మడానికి ఇది చాలు.

ఇక అడ్డకర్ర. వెండి లైర్ మీద 11 వెండి గొట్టాలు దొరికాయి. ఇవి శ్రుతి చేసే బిరడల పని చేసేవి. వీణ బిరడ రంధ్రంలో తిరుగుతుంది, ఇది అలా తిరగదు. తంతి చివరను గుడ్డ పట్టీతోనో తోలు పట్టీతోనో కలిపి అడ్డకర్రకు చుడతారు. ఆ చుట్టులో చిన్న కర్రపుల్లను బిగిస్తారు. పుల్లను మీటలా తిప్పితే చుట్టు మొత్తం అడ్డకర్రమీద తిరిగి తంతి బిగుస్తుంది. వదిలితే ఘర్షణే దాన్ని పట్టి ఉంచుతుంది. ఇథియోపియాలో ఈనాటికీ వాయించే బెగెనా లైర్‌లో ఈ పద్ధతిని కళ్లారా చూడవచ్చు. పుల్ల చిన్నదైతే మీట బలం చాలదు. పట్టీ నున్నగా ఉంటే జారిపోతుంది. అడ్డకర్రకు వార్నిష్ వేయడం ఈనాటి నమూనాలు చేసేవాళ్ల సర్వసాధారణమైన తప్పు. అది గరుకుగానే ఉండాలి.

ఇప్పుడు బిగువు లెక్క. నమూనా చేయాలనుకునేవాళ్లు దీన్ని రాసుకోండి. ఉర్ తంతులు మిగల్లేదు. జంతువుల పేగుతో చేసిన తంతులని అనుకోవడం సమంజసం. పేగు తంతి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.3 గ్రాములు. తంతి పొడవు 90 సెంటీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు, సెకనుకు 110 కంపనాలు కావాలనుకోండి. దానికి దాదాపు 40 న్యూటన్ల బిగువు, అంటే 4 కిలోల బరువు వేలాడినంత కావాలి. అదే పొడవులో పంచమం దూరం కింది స్వరం, అంటే 73 కంపనాలు కావాలంటే, మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు చేస్తే సరి, బిగువు అదే 4 కిలోలు. మందాలు 3:2, కంపనాలు 2:3. పొడవు, బిగువు మారకుండా ఉంటే మందం, కంపనాలు ఎప్పుడూ ఇలాగే విలోమంగా నడుస్తాయి.

పదకొండు తంతులు, ఒక్కొక్కటి 4 కిలోలు. మొత్తం 44 కిలోలు అడ్డకర్రను కిందికి లాగుతుంటాయి. ఆ లాగుడు రెండు చేతులను లోపలికి వంచుతుంది, పెట్టె పలకను పైకి ఉబ్బిస్తుంది, కింద తంతులు కట్టిన చోటును చీల్చడానికి చూస్తుంది. నమూనాలు విఫలమయ్యేది సాధారణంగా ఈ మూడు చోట్లే. చేతులు పెట్టెలోకి లోతుగా, అడుగుదాకా దిగకుండా పైమీదే అతికిస్తే మొదట అక్కడే ఊడుతుంది. పలకను మందంగా చేసి బలం తెద్దామనుకుంటే నాదం చచ్చిపోతుంది. పలక పల్చగా ఉంచి, లోపల అడ్డంగా ఒక కర్రపట్టీ వేయడం మేలు. ఇంకో చిక్కు తేమ. పేగు తంతి తేమ పీల్చితే ఉబ్బి శ్రుతి తప్పుతుంది, మన కోస్తా గాలిలో మరీ ఎక్కువ. నైలాన్ వేస్తే ఈ బాధ తగ్గుతుంది. కానీ నైలాన్ సాంద్రత తక్కువ, అదే మందంలో బిగువు తగ్గిపోతుంది కాబట్టి లెక్క మళ్లీ వేసుకోవాలి.

నాదం గురించి ఒక గట్టి ఊహ ఉంది, దీన్ని నేను ఒప్పుకుంటాను. అప్పటి బొమ్మల్లో పెద్ద లైర్ల గుర్రం వెడల్పుగా, చదునుగా కనిపిస్తుంది. చదును గుర్రం మీద తంతి ఒకే బిందువు దగ్గర ఆగదు, కంపించే కొద్దీ గుర్రాన్ని మెల్లగా రాసుకుంటుంది. దానివల్ల పై స్వరాంశాలు పుట్టి ఝుమ్మనే ధ్వని వస్తుంది. బెగెనాలో తంతి కింద తోలు ముక్క పెట్టి ఇదే ధ్వని తెస్తారు. తంబురాకు జీవ పెట్టినప్పుడు వచ్చే మార్పు మీ అందరికీ తెలుసు. దారప్పోగు ఒక్క వెంట్రుకవాసి జరిగితే నాదం తెరుచుకుంటుంది, ఇంకాస్త జరిగితే మూసుకుపోతుంది. ఉర్ లైర్‌ను నున్నగా, గిటారులా మోగించే రికార్డింగులు ఉన్నాయి. నా అభిప్రాయంలో అవి దారి తప్పాయి.

వాయించిన తీరు తెలియడానికి రెండు బొమ్మలు ఉన్నాయి. మొదటిది గొప్ప లైర్ ముందుపలక. ఎద్దు గడ్డం కింద, సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తున, శంఖంలో చెక్కిన నాలుగు అరలు. తెరమీద పెద్దది చేసి చూపిస్తాను. పైన ఒక వీరుడు మనిషి ముఖపు ఎద్దులను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. రెండో అరలో నడుముకు బాకు దోపుకున్న దుమ్ములగొండి కోసిన మాంసం పెట్టిన బల్ల మోస్తోంది, వెనక సింహం కూజా, గిన్నె తెస్తోంది. మూడోది మనకు కావలసింది. గాడిద కూర్చుని లైర్ వాయిస్తోంది, రెండు గిట్టలూ తంతుల మీదున్నాయి. ఎదురుగా ఎలుగుబంటి వాద్యం చేతిని, అడ్డకర్రను పట్టుకుని నిలబెట్టింది. కింద నక్కలాంటి చిన్న జంతువు చేతిలో గిలక. అడుగున తేలు మనిషి, వెనక పాత్రలు పట్టుకున్న జింక.

ఆ మూడో అరలోని లైర్‌ను నిశితంగా చూడండి. దానికీ ముందు ఎద్దు తల ఉంది. అంటే ఎద్దు తల లైర్‌మీద ఎద్దు తల లైర్ బొమ్మ. తంతులు ఎనిమిది. వాద్యం నేలమీద ఆనుకుని ఉంది. అది ఇద్దరు కావలసినంత పెద్దది, ఒకరు పట్టుకుంటే ఒకరు వాయించాలి. ఎద్దు తల వాయించేవాడికి ఎదురుగా, అవతలివైపు ఉంది. నేరుగా చేతులతోనే మీటుతున్నట్టుంది, మీటుపుల్ల కనిపించదు. హాస్యం కోసం చేసిన జంతువుల బొమ్మే అయినా, వాద్యాన్ని చెక్కినవాడికి అది బాగా తెలుసు.

రెండో బొమ్మ పీజీ 779లో దొరికిన "ఉర్ స్టాండర్డ్" అనే, బొమ్మలు పొదిగిన పెట్టె మీద ఉంది. దాని శాంతి ముఖంలో, అంటే శాంతికాలపు దృశ్యాలున్న వైపు, పై వరుస కుడి చివర విందు జరుగుతుంటే, ఒక వాద్యకారుడు చిన్న లైర్‌ను ఛాతీకి ఆనించి నిలబడి వాయిస్తున్నాడు. పక్కన పొడవు జుట్టున్న వ్యక్తి, గాయకుడో గాయనో అయి ఉండాలి. ఈ వాద్యాన్ని ఒక్కడే మోస్తున్నాడు. కాబట్టి ఉర్‌లో ఒకే కాలంలో మోసే లైర్, నేలమీద నిలిపే లైర్ రెండూ ఉన్నాయి.

లైర్ల కాంతిలో మరుగున పడిపోయేది ఇంకొకటుంది. అది సాధారణ సమాధిలోది, పీజీ 333. వెండి గొట్టాల ముక్కలు. సన్నని జంట ఊదుగొట్టాలు, వెండి రేకును చుట్టి చేసినవి. ఒక గొట్టానికి నాలుగు, రెండో దానికి మూడు వేలి రంధ్రాలు. ఇప్పుడు పెన్సిల్వేనియాలో ఉంది. తంతి వాద్యంలో స్వరస్థానాలను మనం ఊహించాలి. ఇక్కడ మాత్రం రంధ్రాల మధ్య దూరం లోహంలోనే మిగిలి ఉంది. కానీ ఊదే చివరన పెట్టే ఆకు మిగల్లేదు. ఆకు పొడవు మారితే శ్రుతి మారుతుంది. కాబట్టి ఇక్కడ కూడా స్వరాల మధ్య సంబంధం గురించి మాట్లాడగలం, అసలు శ్రుతి గురించి కాదు.

శ్రుతి ప్రస్తావన వచ్చింది కాబట్టి మట్టిపలకల సంగతి. ఒక హెచ్చరిక చేసి మొదలుపెడతాను: ఇవి రాజసమాధుల తర్వాత ఏడెనిమిది వందల ఏళ్లకో, ఇంకా తర్వాతో రాసినవి. పువాబి కాలపు శ్రుతి ఇదేనని ఎవరైనా చెబితే నమ్మకండి. అయినా ఉర్‌లోనే దొరికిన ఒక పలక, క్రీ.పూ. 1800 ప్రాంతపుది, తొమ్మిది తంతుల వాద్యాన్ని శ్రుతి చేసే పద్ధతి వరుసగా చెబుతుంది. 1968లో ఆలివర్ గర్నీ ప్రచురించాడు. మరో పలక తంతుల పేర్లు ఇస్తుంది. ముందు తంతి, దాని తర్వాతది, మూడో సన్నది, ఎయా దేవుడు చేసినది, అయిదోది, ఆ తర్వాత వెనక నుంచి లెక్క: వెనక నాలుగోది, వెనక మూడోది, వెనక రెండోది, వెనకది. రెండు వైపుల నుంచి మధ్యకు లెక్కపెట్టారు. వాద్యం ముందు కూర్చుని చేయి చాపితే ఏ తంతి ఏ వైపు నుంచి దగ్గరో, ఆ లెక్క.

పద్ధతి ఇలా ఉంటుంది. "వాద్యం కిత్‌ముం శ్రుతిలో ఉండి, ఇషర్తుం అంతరం స్పష్టంగా లేకపోతే, రెండో తంతినీ వెనక తంతినీ మార్చు, అప్పుడు ఇషర్తుం స్పష్టమవుతుంది." రెండు తంతులెందుకంటే రెండోది, తొమ్మిదోది ఒకే స్వరం, ఒక స్థాయి తేడాతో. ఇషర్తుం అనే అంతరం రెండో తంతికీ ఆరో తంతికీ మధ్యది. స్పష్టంగా లేనిది ఏమిటో సంగీతం తెలిసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఏడు స్వరాల శ్రుతిలో ఎక్కడో ఒకచోట పంచమం గానీ మధ్యమం గానీ కుదరని జంట ఒకటి తప్పక ఉంటుంది. శంకరాభరణంలో అది శుద్ధ మధ్యమం, కాకలి నిషాదాల జంట. శుద్ధ మధ్యమాన్ని అరస్వరం పెంచండి, ఆ జంట కుదురుతుంది, కానీ వాద్యం కళ్యాణి అయిపోతుంది. ఇప్పుడు కుదరని జంట షడ్జం, ప్రతి మధ్యమం. ఇక షడ్జం తంతినే పెంచాలి. ఇలా ఒక్కో అడుగులో ఒక్కో స్వరం మార్చుకుంటూ పోతే ఏడు శ్రుతులు వస్తాయి. పలకలో ఉన్నవి సరిగ్గా ఏడే. తంతుల బిగువు మార్చి చేసినా, ఫలితం మన గ్రహభేదంలో, అంటే అవే స్వరాల్లో షడ్జం చోటు మార్చినప్పుడు, వచ్చే మేళాల కుటుంబమే.

ఇక్కడా ఒక పొరపాటు దిద్దుబాటు జరిగింది. పలకలోని ఒక క్రియాపదం బిగించమంటుందా, వదలమంటుందా అన్నది మొదట ఒకలా చదివారు. 1990లో థియో క్రిస్పైన్ అనే పరిశోధకుడు కొత్త పాఠం ప్రతిపాదించాక దిశ తిరగబడింది. దాంతో అంతకుముందు ఆ పలక ఆధారంగా రాసిన స్వరక్రమాలన్నీ మళ్లీ చూసుకోవలసి వచ్చింది. "సుమేరియన్ సంగీతం" పేరుతో దొరికే పాత రికార్డింగులు వినేటప్పుడు అది 1990కి ముందుదా, తర్వాతదా చూడండి.

వాద్యాల పక్కన ఉన్న మనుషుల గురించి చెప్పకుండా దాటిపోలేను. పువాబి గొయ్యిలో ఒక స్త్రీ లైర్‌కు ఆనుకుని పడి ఉంది. ఆమె చేతి ఎముకలు తంతులు ఉండవలసిన చోట ఉన్నాయని వూలీ రాశాడు. వాళ్లు విషం తాగి ప్రశాంతంగా పడుకున్నారని ఆయన నమ్మాడు. 2011లో పెన్సిల్వేనియా పరిశోధకులు పీజీ 789, 1237ల నుంచి ఒక్కొక్క పుర్రెను సీటీ స్కాన్ చేసి ప్రచురించారు. రెండింటిలోనూ తలమీద మొనదేలిన ఆయుధపు దెబ్బ వల్ల పడిన రంధ్రాలున్నాయి. దేహాలను వేడికి గురిచేసి, పాదరసపు పదార్థం పూసిన ఆనవాళ్లు కూడా కనిపించాయి. అంటే చంపి, పాడవకుండా చేసి, తర్వాత అలంకరించి, వాద్యాల పక్కన అమర్చి ఉండవచ్చు. రెండు పుర్రెలతో అందరి గురించీ చెప్పలేం. కానీ చివరి శ్వాస దాకా వాయిస్తూ పోయారన్న అందమైన చిత్రాన్ని ఇకమీదట సాక్ష్యంగా చెప్పడం ఆ స్త్రీలకు అన్యాయం చేయడమే. చేతులు తంతుల మీద ఉన్నాయంటే, ఎవరో అక్కడ పెట్టారని కూడా అర్థం కావచ్చు.

2003 ఏప్రిల్‌లో ఇరాక్ మ్యూజియం దోపిడీలో పీజీ 1237 బంగారు లైర్ ముక్కలైంది. బంగారు తల అంతకుముందే సెంట్రల్ బ్యాంకు ఖజానాలో ఉండటంతో దక్కింది. ఆ తర్వాత ఆండీ లోవింగ్స్ అనే ఇంగ్లిష్ హార్ప్ వాద్యకారుడు ఇరాక్ నుంచి తెప్పించిన దేవదారు కర్రతో దానికి వాయించదగిన నమూనా చేయించాడు. వాయించి చూస్తేగాని తెలియని విషయాలు అలాంటి పనిలోనే బయటపడతాయి.

ప్రశ్నలు చీటీల మీద వచ్చాయి. రెండింటికి సమయం ఉంది.

మొదటిది: ఈ సమాధులకూ మన దేశానికీ నేరుగా సంబంధం ఉందా? ఉంది, కానీ వాద్యాల్లో కాదు, పూసల్లో. పువాబి ఒంటిమీద, పరివారపు స్త్రీల మీద కార్నీలియన్ అనే ఎర్రరాతి పూసలు విస్తారంగా ఉన్నాయి. పొడవాటి కార్నీలియన్ పూసలు, తెల్లగీతలు కాల్చి వేసిన పూసలు సింధు నాగరికత పనితనం. గుజరాత్ ప్రాంతపు రాయి. సముద్ర వాణిజ్యం నడిచింది. సంగీతం కూడా ఆ ఓడల్లో ప్రయాణించిందనడానికి మాత్రం ఆధారం లేదు.

రెండోది: వీణలు చేసే వడ్రంగి ఉర్ లైర్ చేయగలడా? చేయగలడు. బొబ్బిలిలో పనస కర్ర తొలిచే చేతులకు ఈ పెట్టె కష్టం కాదు. కానీ ఎద్దు తలతో మొదలుపెట్టవద్దు. ముందు అలంకారం లేకుండా పెట్టె, చేతులు, అడ్డకర్ర చేసి, ఎనిమిది తంతులు వేయండి, గాడిద వాయించినన్ని. బిగించేటప్పుడు ఒక చివర నుంచి వరుసగా కాకుండా, ఒకటి ఎడమ అంచున, ఒకటి కుడి అంచున, అలా మధ్యకు రండి. లేకపోతే అడ్డకర్ర ఒకవైపు వాలుతుంది. మొదటి రోజు సగం బిగువుతో ఆపండి. కొన్ని రోజులు చేతుల మొదళ్లు, గుర్రం కింది పలక గమనించి, పగులు రాకపోతే పూర్తి బిగువుకు తీసుకెళ్లండి. గుర్రాన్ని వెడల్పుగా, చదునుగా చేసి, జిగురు పెట్టకుండా వదలండి. జరుపుకుంటూ ఝుమ్మనే చోటు వెతకాలి కాబట్టి. ఎద్దు తల ముందువైపు బరువు పెంచి వాద్యాన్ని ముందుకు తూలిస్తుంది. అందుకని పెట్టె అడుగు నేలమీద నిలిచే చోటును తల పెట్టాకే చదును చేయండి.